అద్దాలు ముడవని కారు

సిస్టరమ్మ పోయిందన్న కబురు కుప్పంలో నా ఫోనుకు వచ్చినప్పుడు, నా ఎదురుగా కంప్యూటరు తెర మీద ఒక ఎర్రటి అరచెయ్యి నిలబడి ఉంది. నేను పనిచేసే కాలేజీలో పిల్లలు చూడకూడని సైటు ఏదైనా తెరవబోతే ఫిల్టరు ఆ చేతిని అడ్డం పెడుతుంది. ఆ రోజు అది అడ్డుకున్నది మాత్రం హాస్టల్లో వంట చేసే ఆవిడ తెరవబోయిన గ్యాసు బుకింగు పేజీని. ఎందుకు అడ్డుకుందో దానికే తెలియాలి. ఈ ఫిల్టర్లను నడిపించి జీతం తీసుకునే నాకే వీటి మీద మంచి అభిప్రాయం లేదు.

ఫోను చేసింది సిస్టరమ్మ చెల్లెలు. "మా యక్క పాయ నాయనా. పొద్దన్నే గుండెల్లో నొప్పనింది. పాలమనేరు ఆస్పత్రికి పొయ్యేలోపలే అయిపాయ. రేపు మట్టి సేస్తాం. నువ్వు రావల్ల," అని, నేను ఏదో అనేలోగా పెట్టేసింది. ఆ అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఫోనులో ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు.

నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ ఎర్ర చెయ్యి మీద కోపం వచ్చింది. నేను ముందు పనిచేసిన పుంగనూరు ఆసుపత్రిలో కూడా ఇలాంటిదే ఒకటి ఉండేది. తెర మీద దానికి తన అరచేతిని ఆనించి, వేళ్ళకు వేళ్ళు సరిచూసి, "ఎవురిదప్పా ఈ చెయ్యి?" అని అడిగిన మనిషి నా ఉద్యోగంలో ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు "రావడం లేదు" అంటారు, "ఓపెన్ కాలేదు" అంటారు, మరీ విసుగొస్తే "నీ నెట్టు తగలెయ్య" అంటారు. చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు.

పుంగనూరులో నేను కంప్యూటర్లు చూసుకున్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె హెడ్ నర్సు. నర్సు చదువు మదనపల్లెలో మిషను వాళ్ళ దగ్గర చదువుకుంది. పొట్టి మనిషి, బరువైన అడుగు. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేవి. వాటి కోసం టేబుళ్ళన్నీ వెతికేది. ఎవరైనా చూపిస్తే, "నాకు తెల్దా? ఆడుంటే ఉండనీ అని పెట్టుకున్నా," అనేది. కారిడార్లో నట్టనడుమ నడిచేది. పెద్ద డాక్టరు ఎదురొచ్చినా పక్కకు జరిగేది ఆయనే. స్ట్రెచరు వస్తే మాత్రం గోడకు అతుక్కుపోయేది. "రోగికి తప్ప ఇంకెవురికీ దారిచ్చే పన్లేదు," అని కొత్త నర్సులకు మొదటి పాఠం అదే చెప్పేది. ఆ పాఠం మేనేజిమెంటు వాళ్ళ సిలబసులో లేదు.

డ్యూటీ ఎక్కగానే వార్డు మధ్యలో నిలబడి ప్రార్థన చేసుకునేది, కళ్ళు తెరుచుకునే. కొత్తగా వచ్చిన పాస్టరయ్య ఒకసారి, "కళ్ళు మూసుకుంటే మనసు నిలుస్తుందమ్మా," అన్నాడట. "నేను కండ్లు మూసుకుంటే ఆ మూడో మంచమాయన సెలైను పీక్కుంటాడయ్యా. నా కండ్లు యాడుండాయో, మనసు యాడుండాదో దేవునికి తెలుసు," అందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సిబ్బంది అంతా వెనక గేటు నుంచి రావాలని ఆసుపత్రి వాళ్ళు నోటీసు అంటించారు. బైకులు పెట్టుకోవడానికి అదే వీలని నాబోటివాళ్ళం సంతోషంగా అటే వెళ్ళేవాళ్ళం. ఆమె బస్సు దిగి ముందు గేటులోంచే వచ్చేది. వాచ్‌మన్ కొన్నాళ్ళు "సిస్టరమ్మా, ఎనక నుంచి..." అని నసిగాడు. "ఈ పొద్దు నేను ఎనక నుంచి వస్తే రేపు గోడ దూకి రమ్మంటావు. నాకు సుట్టుదారి సెప్పొద్దు," అని అతని ముందు నుంచే లోపలికి వచ్చేసేది. కొన్నాళ్ళకు అతనే గేటు తీసి పట్టుకోవడం మొదలుపెట్టాడు.

సుట్టుదారి సెప్పొద్దు. అది ఆమె ఊతపదం. సెలవు కావాలంటే ఫలానా ఆయన చేత చెప్పించమ్మా అన్నా అదే మాట, మందుల స్టోరులో చీటీ మార్చి రాయించుకోమన్నా అదే మాట. ఏదో మొండితనమని నవ్వుకునేవాళ్ళం. ఆమె కారు కొనాలనుకునేదాకా ఆ మాట వెనకున్న సంగతి నాకు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం డాక్టర్ల పార్కింగులో కేకలు వినిపిస్తే బయటికి వచ్చాను. కళ్ళ డాక్టరు కొత్త కారు ముందు సిస్టరమ్మ, ఒక ఆయా నిలబడి ఉన్నారు. కుడి అద్దం అంచున సిస్టరమ్మ, ఎడమ అద్దం అంచున ఆయా, ఇద్దరి మధ్యా తెల్లటి బ్యాండేజీ గుడ్డ బిగించి పట్టుకున్నారు.

"సిస్టర్! నా కారుకు ఏమైంది? ఎవరు గుద్దారు?" అంటూ డాక్టరు గారు పరుగెత్తుకొచ్చారు.

"ఏం కాలే సార్. దెబ్బల్లేవు, ఒళ్ళు జాస్తి. మీ కారు మా వాడకు రాదు," అని సిస్టరమ్మ బ్యాండేజీ చుట్టుకుంటూ నేరుగా నా గదిలోకి వచ్చింది.

"ఈ గుడ్డ పొడవు కంటే తక్కువ ఎడల్పుండే కారు కావల్లప్పా. మా రెస్టు రూము కంప్యూటర్లో యాడ సూడల్లో సెప్పు."

"కొలవడానికి టేపు దొరకలేదా సిస్టరమ్మా? బ్యాండేజీ సాగదూ?"

"సాగేది క్రేపు బ్యాండేజీ. ఇది మామూలు గుడ్డది. నాకే పాఠం సెప్తాండావే," అని, కుర్చీ చూపించినా కూర్చోకుండా, సంగతి చెప్పింది.

ఆమె ఊరు బైరెడ్డిపల్లె పక్కన ఒక పల్లె. ఊరి చివర దళితవాడ, దానికి పై వీధి మీదుగా ఒకటే దారి. ఆ దారి మొదట్లో రెండు రాతి కూసాలు నాటి ఉన్నాయి. మా వైపు తోటలకు కంచె వేయడానికి పాతుతారే, అలాంటి నల్లరాతి స్తంభాలు. ఆమె చిన్నతనంలో వాడలో ఎవరో ఎద్దులబండి కొన్నారట. వాడ బండ్లు తమ ఇళ్ళ ముందు నుంచి పోవడమేమిటని పై వీధి వాళ్ళు ఆ రాళ్ళు నాటించారు. గుంతలు తవ్వించిందీ, రాళ్ళు మోయించిందీ వాడ వాళ్ళ చేతనే. ఆ కూలీల్లో ఆమె తండ్రి ఒకడు. ఆ రెండు రాళ్ళ నడుమ సందుకు సరిగ్గా కత్తిరించుకొచ్చిందే ఆ బ్యాండేజీ. ఇప్పుడు ఆటో పడుతుంది, బైకులు పడతాయి. అంతకంటే పెద్ద బండి ఏదొచ్చినా ఊరు చుట్టి, వంకలో దిగి, వెనక నుంచి రావాలి. వానొస్తే ఆ దారీ ఉండదు.

"పంచాయతీలో అర్జీ పెడితే తీయించేస్తారు కదా సిస్టరమ్మా. ఇప్పుడు కూడా వద్దంటారా?"

"తీస్తారేమో. అప్పుడు వాళ్ళు తీస్తేనే నేను పోయినట్లయితాది. నాకట్ల వొద్దు. రాళ్ళు ఆడే ఉండల్ల. పై ఈది వాళ్ళు అరుగుల మీద కూసోని సూస్తా ఉండల్ల. నేను మద్దెలో పోవల్ల."

నేను సాయం చేస్తున్నాననుకుని ఒక ఉపాయం చెప్పాను. పక్క అద్దాలు లోపలికి ముడిచేస్తే ఇప్పుడొచ్చే చిన్న కార్లయినా దూరిపోతాయి అన్నాను. ఆమె నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"మా నాయన ఆ ఈదిలో పొయ్యేటప్పుడు టవలు సంకలో పెట్టుకోని, సేతులు ముడుసుకోని పొయ్యేటోడు. నా కారు ముడుసుకోని పోదప్పా. అద్దాలు రెండూ బారా సాపుకోనే పోవల్ల."

అక్కడితో పని చిక్కుపడింది. కారు వెడల్పు అని కంపెనీలు చెప్పేది అద్దాలు వదిలేసి చెప్పే కొలత. అద్దాలు తెరిచి ఉన్నప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత అనేది బండితో ఇచ్చే పుస్తకంలో ఏ మూలో చిన్న బొమ్మలో వేస్తారు. పైగా ఇప్పుడొచ్చే కార్లన్నీ ఒళ్ళు చేసినవే. మదనపల్లె షోరూములో ఆమె బ్యాండేజీ పట్టి చూడని కారు లేదట, ఒక్కటీ సరిపోలేదట. ఇక మిగిలింది తయారీ ఆగిపోయిన పాత పొట్టి బండ్లు. వాటి కొలతల బొమ్మలు దొరికేది కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నడిపే సైట్లలో. అవి నర్సుల రెస్టు రూము కంప్యూటర్లో తెరుచుకోవు. ఏది నొక్కినా ఎర్ర చెయ్యే.

"ఫోనులో చూసేద్దాం, రండి," అని నా జేబులోంచి ఫోను తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మళ్ళీ జేబు దగ్గరే ఆపింది.

"నీ ఫోను నీది. రెస్టు రూములో ఆ కంప్యూటరు మాకని పెట్టినారు గదా. దాంట్లో కారు యాల రాదో సెప్పు."

"ఫిల్టరు సిస్టరమ్మా. అది ఆపుతుంది."

"ఎవురు ఆపమన్నారు?"

ఎవరు ఆపమన్నారో నాకూ తెలియదు. నేను చేరకముందే ఒక కంపెనీ వాళ్ళు వచ్చి బిగించి పోయిన ఏర్పాటు అది. చిన్న పనే కదా, ఆమె అడిగిన ఒక్క సైటుకు తలుపు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. తీశాను. పేజీలో అక్షరాలు వచ్చాయి, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వచ్చింది. "బొమ్మ యాడ?" అంది సిస్టరమ్మ, నా వెనకే నిలబడి. ఆ బొమ్మలు ఇంకో చిరునామా నుంచి వస్తాయి, ఫిల్టరు దాన్నీ ఆపుతోందని తేలింది. దాన్నీ తీశాను. బొమ్మ వచ్చింది గాని అద్దాల కొలతలుండే పాత పుస్తకం డౌన్‌లోడు కాలేదు. దానికి వేరే నిషేధం. అదీ ఎత్తేశాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే అన్నీ మళ్ళీ మూసుకుని కూర్చున్నాయి. నర్సులందరికీ కలిపి పెట్టిన నియమం ఒకటి పైన ఉంది, రాత్రికి రాత్రి అది నా పనినంతా తుడిచేస్తోంది. ఆమె రోజూ టీ వేళకు వచ్చి, రోగి ఛాతీ మీద తట్టినట్టు వేలి కణుపులతో మానిటరు మీద తట్టి, "ఊపిరాడతాండాదా?" అని అడిగేది. నాకు సిగ్గేసేది.

చివరికి, "నా లాగిన్‌తో చూసుకోండి, దానికి ఫిల్టరు లేదు," అన్నాను.

"నీకు యాల లేదు?"

"నేను దాన్ని నడిపేవాణ్ణి కదా సిస్టరమ్మా."

"ఓహో," అంది. అంతే. లాగిన్ మాత్రం ముట్టుకోలేదు.

ఆ తర్వాత రెండో రోజో మూడో రోజో ఆమె నా గదికి వచ్చిన నడకలోనే తేడా తెలిసింది. ఎముకల డాక్టరు గదికి ఫైలు తీసుకుపోతే, ఆయన తీరిగ్గా కార్ల బొమ్మలు చూసుకుంటున్నాడట. అదే సైటు. చెయ్యీ లేదు, ఏమీ లేదు.

"డాక్టర్లకు తెరుసుకోని ఉండాది, మాకు మూసుకోని ఉండాది. ఇదేం రోగమప్పా?"

దాచిపెట్టి ఏం లాభమని ఫిల్టరు లోపలి పేజీ ఆమె ముందే తెరిచాను. మనుషుల్ని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఏవి తెరవాలో రాసి ఉంది. డాక్టర్లకు దాదాపు అన్నీ. ఆఫీసు వాళ్ళకు సగం. నర్సులు, ఆయాలు, వార్డు వాళ్ళను కలిపి మూడో గుంపు చేసి, వాహనాలతో సహా చాలావాటిని మూసేశారు. ఆ గుంపుకు ఒక పేరు కూడా పెట్టారు. సిస్టరమ్మ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుంది. వెతక్కుండా ఆమె వాటిని పెట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. "కిందిస్థాయి సిబ్బంది," అని కూడబలుక్కుని చదివింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "రాళ్ళు ఈడ గూడా నాటినారు," అని బయటికి నడిచింది. నేను వెంట వెళ్ళాను.

ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరు చెడ్డవాడు కాదు. గొడవ లేకుండా సాయంత్రం ఇల్లు చేరాలనుకునే మనిషి. "మీకేం కావాలో చెప్పండి సిస్టర్, నేను చూపించే ఏర్పాటు చేస్తాను. లేదంటే డాక్టరు గారి గదిలో చూసుకోండి, నేను ఆయనతో చెప్తాను," అన్నాడు.

"సుట్టుదారి సెప్పొద్దు సార్. మా రూములో తెరవల్ల."

"డ్యూటీ టైములో నర్సులకు కార్లెందుకని అలా పెట్టి ఉంటారమ్మా."

"డాక్టర్లకు డ్యూటీ లేదా సార్?"

ఆయన మంచినీళ్ళు తాగాడు. ఎవరో ఒకరు అడిగారని ఇంత పెద్ద ఏర్పాటు మార్చడం కుదరదన్నాడు. తర్వాత ఆమెను పంపించెయ్యడానికి, "అడిగే పద్ధతి కూడా ఉంది కదా, ఆ పేజీ అడుగునే ఉంది, చూడండి," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఎర్ర చెయ్యి కింద చీమ తలకాయంత అక్షరాల్లో, 'ఈ పేజీని పొరపాటున ఆపామని మీరు భావిస్తే ఇక్కడ నొక్కి కారణం తెలపండి' అని ఉంటుంది. నా ఉద్యోగంలో దాన్ని నొక్కినవాళ్ళను నేను చూడలేదు. సిస్టరమ్మ నొక్కింది. కారణం దగ్గర, 'కారు ఎడల్పు తెలుసుకోవల్ల' అని తెలుగులోనే కొట్టింది. తర్వాత తన కింది నర్సుల్ని పిలిచి నొక్కించింది. మర్నాటి నుంచి టీ వేళకు రెస్టు రూము ముందు వరస. నర్సులు, ఆయాలు, ల్యాబు అమ్మాయి, ఎక్స్‌రే ఆయన, దుప్పట్లు ఉతికే ఆయన. కొడుక్కి ఆటో చూడాలని ఒకరు, స్కూటరుకు పెట్రోలు ఎంత తాగుతుందో చూడాలని ఒకరు రాశారు. పార్కింగులో బ్యాండేజీ రెండో కొస పట్టుకున్న ఆయా ఏం రాయాలో తోచక నన్ను రాసిపెట్టమంది. "నాకు కారు వొద్దు. అయితే వొద్దని నేను సెప్పల్ల, అది సెప్పకూడదు," అని ఆమె చెప్పింది చెప్పినట్టే కొట్టాను.

వీళ్ళు నొక్కిన ప్రతి నొక్కూ అడ్మినిస్ట్రేటరు గారి ఫోనుకు టింగుమంటూ పోతుంది. మీటింగులో టింగు, భోజనం దగ్గర టింగు. ఆయన నన్ను పిలిచి, "ఆ మోత ఆపవయ్యా బాబూ," అన్నాడు.

"ఆ పేజీలు తెరిస్తేనే ఆగుతుంది సార్. ఇంకో దారి లేదు," అన్నాను. ఇంకో దారి ఉంది. ఆ విన్నపాలు ఆయన ఫోనుకు పోకుండా చేయడం నాకు చిటికెలో పని. చుట్టుదారులు చెప్పడం అప్పటికి మానేశాను.

ఆ సాయంత్రమే అందరికీ తెరిచెయ్యమన్నాడు. తెరిచాను. ఆ గుంపు పేరు కూడా కొట్టేశాను. అది ఎవరూ కొట్టేయమనలేదు, నాకు చేతులు ఊరుకోలేదు.

మర్నాడు రెస్టు రూములో నిలబడటానికి చోటు లేదు. తెర మీద, ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఒక పొట్టి కారు, ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ, రెండు అద్దాలూ చెవుల్లా చాపుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు బాణం గీత, దాని మీద కొలత. ల్యాబు అమ్మాయి స్కేలు పెట్టి బ్యాండేజీని కొలిచింది. కారు కంటే బ్యాండేజీ నాలుగు వేళ్ళు పొడుగు. ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు. అందరూ ఒక్కసారి అరిచిన అరుపుకు, ఎవరికో కాన్పయిందనుకుని పేషెంటు తాలూకు ముసలామె తలుపులోంచి తొంగిచూసింది. సిస్టరమ్మ మాత్రం తెర మీద ఎర్ర చెయ్యి ఉండే చోట తన చెయ్యి ఆనించి చూసుకుని, "పోయిందప్పా," అంది.

ఆ కారు కోసం మదనపల్లెలో పాత బండ్లు అమ్మే చోట్లన్నీ తిరిగింది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. బైపాసు పక్కన ఒక షెడ్డులో, దుమ్ము కొట్టుకుపోయి, ఆ బొమ్మలో బండే కనిపించింది. సిస్టరమ్మ సంచీలోంచి బ్యాండేజీ తీసింది. "బండికి గాయాలేం లేవమ్మా, గుడ్డ కట్టేదానికి," అన్నాడు అమ్మేవాడు. ఆమె నవ్వలేదు. అద్దం కొస నుంచి అద్దం కొసకు పట్టి చూసి, మిగిలిన గుడ్డను వేళ్ళతో కొలుచుకుంది. "ఇరుకైతే అద్దాలు ముడుసుకోవచ్చు మేడం, సులబం," అని వాడు ఒక అద్దాన్ని ముడిచి చూపించాడు. సిస్టరమ్మ దాన్ని మళ్ళీ తెరిచి, దాని మీది దుమ్మును పైటకొంగుతో తుడిచింది. "ఇంగ దీన్ని ఎవురూ ముయ్యబాకండి," అంది.

యాభై దాటిన మనిషి డ్రైవింగు నేర్చుకుంది. నేర్పినవాడు ఎన్నిసార్లు దండం పెట్టాడో అతన్నే అడగాలి. అప్పటికి నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చి పుంగనూరు వదిలేశాను. ఒక ఆదివారం ఫోను చేసింది. "పోయినానప్పా," అంది.

"రాళ్ళకు తగల్లేదు కదా?"

"రాళ్ళకేం కాలే. అరుగుల మీద కూసోని సూసినోళ్ళకే యాడో గీసుకున్నట్లుండాది," అని పెట్టేసింది. ఆ ఆదివారం నుంచి వాడలోని చర్చికి ఆ దారినే వచ్చి ఆ దారినే పోయేదని తర్వాత చెల్లెలు చెప్పింది.

మట్టి రోజు నేను కుప్పం నుంచి బస్సులో బైరెడ్డిపల్లె దిగి, ఆటోలో ఆ ఊరు చేరాను. అప్పటికే పాలమనేరు నుంచి పెట్టెను తెచ్చిన వ్యాను రాళ్ళ ముందు ఆగిపోయి ఉంది. దాని వెనక సిస్టరమ్మ కారు. ఆ రాళ్ళను నేను చూడటం అదే మొదటిసారి. నా ఛాతీ ఎత్తు కూడా లేవు. ఇంతేనా అనిపించింది. ఆ వెంటనే కోపం వచ్చింది, ఇంత పొట్టి రాళ్ళను ఇన్నేళ్ళు ఎవరూ కదపలేదే అని.

పై వీధిలో అరుగు మీంచి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. "వంక దారిన తిప్పుకోని పోండప్పా. ఎండ జాస్తిగా ఉండాది, పెట్టెను ఎంతసేపని పెట్టుకుంటారు," అన్నాడు. ఆ మాటలో చెడు లేదు. అలవాటుంది.

సిస్టరమ్మ చెల్లెలు వ్యాను పక్క నుంచి ముందుకొచ్చింది. అక్కంత పొట్టిదే. "మా యక్క సుట్టుదారిన పోదు పెద్దాయనా."

ఆయన రాళ్ళ వంక చూశాడు, వ్యాను వంక చూశాడు. "అట్లయితే ఒక రాయి పీకించేదా? గడ్డపార తెప్పిస్తా," అన్నాడు. అక్కడున్న వాడ వాళ్ళంతా చెల్లెలి ముఖం వంకే చూశారు. ఆ ఊళ్ళో ఆ మాట పై వీధి నోట రావడం అదే మొదలని ఆ చూపుల్లోనే తెలిసింది.

"ఆ పొద్దు నాటేటప్పుడు మీరడగలే. ఈ పొద్దు పీకేదానికి మా యక్క సావల్లా? ఉండనీండి. మా నాయన మోసిన రాళ్ళు అవి. ఎప్పుడు తీసేది మేం సెప్తాం."

పెట్టెను వ్యానులోంచి దించారు. వాడ మగవాళ్ళతో పాటు, పుంగనూరు నుంచి తెల్ల బట్టల్లో వచ్చిన నర్సులు కూడా భుజం పట్టారు. చెల్లెలు నా చేతిలో కారు తాళం పెట్టింది. "దీన్ని తోలుకొచ్చిన అద్దె డ్రైవరు రాళ్ళను సూసి దిగిపాయ. నువ్వు దోలప్పా. పెట్టె ముందర కారు పోవల్ల."

సీటు ఆమె ఎత్తుకు ముందుకు లాగి ఉంది. నా మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నాయి. దాన్ని వెనక్కి జరపబుద్ధి కాలేదు. వ్యానును పక్కకు తీశాక, బండి స్టార్టు చేసి రాళ్ళకు ఎదురుగా తెచ్చేసరికి పెద్దాయన నా పక్కకు వచ్చాడు. పాపం, సాయం చేద్దామనే. కుడి అద్దం మీద చెయ్యి వేసి, "ముడిస్తే సులబంగా పోతాది నాయనా," అన్నాడు.

"ముట్టొద్దు!" అని అరిచాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దవాళ్ళ మీద అరిచిన అలవాటు నాకు లేదు. "ముట్టొద్దు పెద్దాయనా. అవి అట్లనే ఉండల్ల," అన్నాను. ఆయన చెయ్యి తీసేసి, పక్కకు జరిగి దారిచ్చాడు.

ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు. అరచేతులు చెమటకు జారుతున్నాయి. క్లచ్చు వదలకుండా అంగుళమంగుళంగా పోనిచ్చాను. రాతి మీది ఉలి దెబ్బలు కిటికీ పక్కనుంచి ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. కారు దాటింది. కుడి అద్దంలో చూశాను. ఆ రెండు రాళ్ళ మధ్య నుంచి పెట్టె వస్తోంది, దాని ముందు పాస్టరయ్య, పక్కన చెల్లెలు. అద్దం ముడిచి ఉంటే నాకది కనిపించేది కాదు. అప్పుడు ఏడ్చాను.

ఇంటి ముందు పెట్టె దించి మూత తీశారు. పాస్టరయ్య బైబిలు పెట్టాడు. ఎవరో ఆమె వాచీ పెట్టారు. బ్యాండేజీ రెండో కొస పట్టుకున్న ఆయా కారు డాష్‌బోర్డులోంచి ఆ గుడ్డ చుట్టను తెచ్చి, ఏడుస్తూ, సిస్టరమ్మ చేతి పక్కన పెట్టింది. అందరం అదే సబబనుకున్నాం.

చెల్లెలు వంగి దాన్ని బయటికి తీసింది. వదులైన చుట్టను మళ్ళీ బిగించి చుట్టి, రవికలో దోపుకుంది.

"ఇది పెట్టొద్దు," అంది. "మా వాడలో ఇంగా కార్లు కొనేవాళ్ళు ఉండారు."